గాలం కర్ర కొంటున్నారా? ధర ఒక్కటే చూడకండి

పొలం పనుల్లేని రోజుల్లో రిజర్వాయరు గట్టున గాలం వేసే రైతులు కర్ర కొనేటప్పుడు తొందరపడరాదు. గట్టు మీది నుంచి వేయడానికి 8, 9 అడుగుల కర్ర చాలు. ఫైబర్‌గ్లాసుది కాస్త బరువైనా చౌక, మొరటు వాడకానికి ఆగుతుంది. బొచ్చె, శీలావతి లాంటి బరువు చేప గుంజినా తట్టుకుంటుంది. కార్బన్ కర్ర తేలికే గానీ ధరెక్కువ, దెబ్బ తగిలితే విరుగుతుంది. పైగా అందులో కరెంటు పారుతుంది. తీగల కింద, ఉరుముల వేళ ఎత్తారంటే ప్రాణానికే ముప్పు. తడి వెదురునూ నమ్మరాదు.

కొనేముందు కర్రను మెల్లగా వంచి చూడండి, వంపు సమంగా రావాలి. రింగుల్లో దూది తిప్పండి. పోగు చిక్కిందంటే అక్కడ గరుకున్నట్లే, దారం తెగుతుంది. మిగిలిన డబ్బుతో మంచి నైలాన్ దారం, పదునైన ముళ్లు తీసుకోండి. గాలం వేసేముందు అనుమతి సంగతి మత్స్యశాఖ వారిని అడగడం మరవొద్దు.