అడిగి తీసుకున్న గంటలు

బ్యాంకు ఉద్యోగం, తొమ్మిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. ఇవన్నీ ఉండగానే నా 42వ ఏట మొదటి ట్రయథ్లాన్ పూర్తి చేశాను. ఇప్పుడు నాకు 56. చిన్నపిల్లలున్న తల్లులు, తండ్రులు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి "ఆంటీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. చిన్న దూరంతో మొదలుపెట్టండి. ట్రయథ్లాన్ అనగానే అందరికీ ఐరన్‌మ్యానే గుర్తొస్తుంది: 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిలు, 42.2 కి.మీ. పరుగు. 2019లో గోవాలో మొదలైన పోటీ అందులో సగం. స్నేహితుల ఫొటోలు చూసి నేరుగా దానికే పేరిచ్చేవాళ్లున్నారు. పసిపిల్లలున్న ఇంట్లో మొదటిసారికి అది వద్దు. స్ప్రింట్ అనే దూరం ఉంది: 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిలు, 5 కి.మీ. పరుగు. ఈత వచ్చినవాళ్లు వారానికి ఐదారు గంటల చొప్పున నాలుగైదు నెలలు సాధన చేస్తే చాలు. రానివాళ్లు ఏడాది పెట్టుకోండి.

2. గంటలు దొంగిలించొద్దు, అడిగి తీసుకోండి. మొదటి రెండు నెలలు నేను ఈ తప్పే చేశాను. ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పకుండా తెల్లవారుజామున ఐదింటికి పరుగుకు వెళ్లిపోయేదాన్ని. ఆరున్నరకు వచ్చి హడావిడిగా టిఫిను బాక్సులు కడుతూ పిల్లల మీద కేకలేసేదాన్ని. ఒకరోజు వచ్చేసరికి బాబు జ్వరంతో పక్క మీదే వాంతి చేసుకున్నాడు. మా వారు వాణ్ణి చంకనేసుకుని దుప్పటి మారుస్తున్నారు. "నువ్వు పరుగెత్తడం తప్పని నేననను. ఎక్కడున్నావో, ఎప్పుడొస్తావో మాత్రం నాకు తెలియాలి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే కూర్చుని మాట్లాడుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాల తెల్లవారుజాములు నావి. ఆ రోజుల్లో పిల్లల్ని లేపి, స్నానం చేయించి, బడికి తయారుచేయడం ఆయన పని. మంగళ, గురువారాలు ఆయన షటిల్‌కు వెళ్తే ఆ పనులు నావి. శనివారం పొద్దున రెండు గంటలు నా సైకిలుకు. ఆదివారం పూర్తిగా పిల్లలది. ఇదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. మా అత్తయ్య అది చదివి "ఈ వయసులో ఎందుకమ్మా ఇవన్నీ" అన్నారు. వారం తిరక్కుండానే నాకు చెప్పకుండా ముందురాత్రే కూరగాయలు తరిగిపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ భజనకు వెళ్లే గురువారం సాయంత్రాలు నేను ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునేదాన్ని. మన కోసం ఎవరు సమయం ఇచ్చినా, వాళ్లకు అంత సమయం మనమూ ఇవ్వాలి.

3. ఈతలో ముందు ఊపిరి నేర్చుకోండి. మా ఊళ్లో మోటబావి ఉండేది. నాన్న మా అన్నలిద్దరికీ నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి అందులోకి దింపి ఈత నేర్పారు. నేను ఒడ్డున కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాసేదాన్ని. ఆడపిల్లకు ఈతెందుకన్నారు. చివరికి 41వ ఏట నగరంలోని ఈత కొలనులో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరి, పదేళ్ల పిల్లల పక్కన గోడ పట్టుకుని కాళ్లాడించడం మొదలుపెట్టాను.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లు చేతులూ కాళ్లూ ఎలా ఆడించాలా అని దిగులు పడతారు. అసలు చిక్కు ఊపిరి దగ్గర. భయంతో నీళ్లలో ఊపిరి బిగబడతాం. తల పైకి రాగానే ఉన్నది వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ ఒక్క క్షణంలో కుదరవు, పాతిక మీటర్లకే ఆయాసం వస్తుంది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదులుతూనే ఉండండి. పక్కకు తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. బావిలో నేర్చినవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. మా చిన్నన్న తల ఎప్పుడూ నీళ్లపైనే ఉంచుతాడు. అందువల్ల కాళ్లు కిందికి దిగిపోయి, కొలనులో నాకంటే ముందే అలిసిపోయేవాడు.

ఆగకుండా 750 మీటర్లు, అంటే 50 మీటర్ల కొలనులో 15 పొడవులు, ఈదడానికి నాకు ఏడు నెలలు పట్టింది. పోటీలో ఏ పద్ధతిలో ఈదినా చెల్లుతుంది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నా తప్పులేదు.

4. సైకిలు కంటే హెల్మెట్ ముఖ్యం. మేనల్లుడు కాలేజీకి తొక్కి వదిలేసిన గేర్ల సైకిలుకు టైర్లు, బ్రేకు రబ్బర్లు మార్పించాను, అంతే. పోటీలో హెల్మెట్ పట్టీ బిగించాకే స్టాండు మీది సైకిలు ముట్టుకోవాలి. కంగారులో ఇది మర్చిపోతారు కాబట్టి ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. నేను లారీలకు భయపడుతూ నార్సింగి వైపు సర్వీసు రోడ్డు మీద తొక్కేదాన్ని. 2023లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ వచ్చింది. వాడుకోండి.

5. సైకిలు దిగి వెంటనే పరుగెత్తడం సాధన చేయండి. మొదట్లో కాళ్లు మొద్దుల్లా ఉంటాయి. ప్రతి శనివారం సైకిలు కాగానే పది నిమిషాలు పరుగెత్తితే ఒంటికి ఆ మార్పు అలవాటవుతుంది.

6. పిల్లలకు ఒంట్లో బాగాలేని రోజు సాధన మానేయండి. పోయినదాన్ని మర్నాడు కలిపి చేయొద్దు. పిల్లలిద్దరికీ ఒకరి తర్వాత ఒకరికి ఆటలమ్మ పోసి నాకు మూడు వారాలు పోయాయి. ఈతలో కాస్త వెనకబడ్డాను, అంతకుమించి ఏమీ కాలేదు.

7. పోటీ రోజు కొత్తవేవీ వద్దు. రోజూ తాగే రాగి జావ, ఒక అరటిపండు, తర్వాత ఉప్పేసిన మజ్జిగ. ఈతకు 29 నిమిషాలు, సైకిలుకు 58, పరుగుకు 41, మధ్యలో మార్పులకు 7. మొత్తం రెండు గంటల పదిహేను నిమిషాలు. చివరి నుంచి నాలుగోదాన్ని. గీత దాటేసరికి మా వారు, పిల్లలు, అత్తయ్య, పెద్దన్న అక్కడే ఉన్నారు. పెద్దన్న నా తల తుడుస్తూ "నాన్న నీకూ నేర్పాల్సిందమ్మా" అన్నాడు.

మా అమ్మాయిని ఆ వేసవిలోనే ఈతలో చేర్పించాం. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే మీ ట్రయథ్లాన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ ఎండాకాలం సెలవుల్లో ముందు తనకు ఈత నేర్పించండి.