పాత కుర్చీని బాగుచేసికొనుట

మా నాన్నగారి టేకు కుర్చీ ఊగుచుండగా మేము తొందరపడి మేకు కొట్టితిమి, కాలు చీలెను. ఆ మేకు పెరుకుటకే సగము దినము పట్టెను. మీరు అట్లు చేయవద్దు.

ఊగుటకు కారణము అతుకులలోని జిగురు ఎండి విడిపోవుటయే. పాత కుర్చీలలో సాధారణముగా పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడెడివారు. వేడినీటి గుడ్డ చుట్టిన అది మెత్తబడును. దానిని పూర్తిగా గీకివేయవలెను, ఏలయనగా పాత జిగురు మీద క్రొత్త జిగురు పట్టదు. అతుకు ఆరిన తరువాత ఫెవికాల్ పూసి, త్రాడు చుట్టి, మధ్య పుల్ల పెట్టి మెలిదిప్పి, ఒక దినము కదపక ఉంచవలెను. నాలుగు కాళ్లు నేలకు ఆనుచున్నవో లేవో అప్పుడే చూడుడి. ఆరిన తరువాత చూచి లాభము లేదు.

పేము అల్లిక తెగక జారినదే అయితే, అడుగువైపు తడిపి ఆరనిచ్చిన బిగియును. గరుకు కాగితమును చెక్క నారల వెంటనే రుద్దవలెను. చివరకు లక్క పాలిష్. అందులో స్పిరిట్ ఉండును గనుక దీపము దగ్గర పెట్టవద్దు.

నాన్నగారి మోచేతులు ఆని అరిగిన చోట మాత్రము మేము రుద్దలేదు.