ప్రహ్లాదుడి పాట ఎవరు రాయాలి?

ఆరో తరగతిలో నేను ప్రహ్లాదుణ్ణి. ఆళ్లగడ్డలో మా బడి వార్షికోత్సవం. పట్టుపంచె, ప్లాస్టిక్ పూసల తులసిమాల, నుదుట ఇంత లావు నామం. పాట సీడీలో వస్తుంది, నేను పెదాలు కదపాలి. రెండో చరణం దగ్గర సీడీ ఇరుక్కుని ఒకే మాట పదిసార్లు తిరిగింది. నేనూ పదిసార్లు పెదాలు కదిపాను. జనం పడీపడీ నవ్వారు. స్టేజి దిగినాక మా అవ్వ అడిగింది: "ఆ మిషను ఆగిపోతే ఏమప్పా, నీకు నోరు లేదా? నువ్వే పాడొచ్చు గదా?"

పాడలేను. ఆ పాట నాకు రాదు. ఆ సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలో తెలియక ఏడ్చినాను.

బడిపిల్లలు సొంతంగా ఒపేరా తయారు చేసుకోవడం గురించి ఈ వ్యాసం. ఒపేరా అంటే కథంతా పాటతోనే నడిచే నాటకం. ఆ మాట వినగానే మనకు ఇటలీ గుర్తొస్తుంది గానీ, సరుకు మాత్రం మనకు కొత్త కాదు. మన యక్షగానం చేసే పనీ అదే. పదహారో శతాబ్దంలోనే కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' రాశాడు. త్యాగరాజస్వామి 'ప్రహ్లాద భక్తి విజయం' ఐదంకాల గేయనాటకం. ఇంగ్లీషులో రాసేవాళ్లు దాన్ని ఒపేరా అనే అంటారు. తంజావూరు దగ్గర మేలట్టూరులో ఏటా నరసింహ జయంతి ఉత్సవాల్లో భాగవతమేళం ఆడతారు. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్లే అయినా, మేలట్టూరు వెంకటరామశాస్త్రి 'ప్రహ్లాద చరిత్ర'ను ఇప్పటికీ తెలుగులోనే పాడతారు.

ఇంకా దగ్గరికి వస్తే, మన పక్క కడప జిల్లాలోని సురభి గ్రామం. తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు 1885లో అక్కడ తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడాయి. వనారస గోవిందరావు నడిపిన ఆ బృందమే తర్వాత సురభి నాటక సమాజాలుగా విస్తరించింది. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దానికి ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం, అందులో సురభి నటులు. ప్రహ్లాదుడి వేషం వేసింది మాస్టర్ కృష్ణారావు అనే పిల్లవాడు.

గమనించారా? ఎక్కడ చూసినా ప్రహ్లాదుడే. కథానాయకుడు పిల్లవాడే, పాడేదీ పిల్లవాడే. రాసింది మాత్రం పెద్దవాళ్లు.

బయటి దేశాల్లోనూ చాలాకాలం ఇదే వరస. ఇంగ్లండులో బెంజమిన్ బ్రిటెన్ 1949లో 'లెట్స్ మేక్ ఏన్ ఒపేరా' అని ఒకటి చేశాడు. మొదటి భాగంలో పిల్లలూ పెద్దలూ కలిసి ఒపేరా తయారు చేస్తుంటారు, రెండో భాగంలో దాన్ని ఆడతారు. ప్రేక్షకుల చేత కూడా పాడిస్తారు. బాగుంటుంది, కానీ పిల్లలు కనిపెట్టినట్టు కనిపించే ప్రతి మాటా, ప్రతి స్వరమూ పెద్దవాళ్లదే. అసలు మార్పు బడుల్లో వచ్చింది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరా గిల్డ్ 'క్రియేటింగ్ ఒరిజినల్ ఒపేరా' పేరుతో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అందులో తరగతి మొత్తం ఒక నాటక కంపెనీ అవుతుంది. రచయితలు, స్వరకర్తలు, నటులు, లైట్లు చూసేవాళ్లు, వడ్రంగులు, మేకప్‌వాళ్లు, ప్రచారం చేసేవాళ్లు, అందరూ పిల్లలే. ఏ పని కావాలో ఎవరికి వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. టీచరు దారి చూపుతాడు, పెన్ను మాత్రం పట్టుకోడు.

పెన్ను పట్టుకోకపోవడం ఎంత కష్టమో పోయిన ఏడు తెలిసింది. మా క్లబ్బు నుంచి ముగ్గురం నంద్యాలకీ ఆళ్లగడ్డకీ మధ్య ఒక పల్లెలోని హైస్కూలుకి ఆరు శనివారాలు వెళ్లాం. ఎనిమిదో తరగతి. మొదటి రోజు "మీకు దేనిమీద కోపం?" అని అడిగాం. సెల్‌ఫోను, కాలుష్యం, మద్యపానం అని వ్యాసరచన పోటీ జవాబులు వచ్చాయి. రెండో వారం ఒక అమ్మాయి గొణిగింది, "నీళ్లు రాలే." బడి కొళాయికి మూడు రోజులుగా నీళ్లు లేవు. అందరూ నవ్వారు, ఆపైన ఒకరి తర్వాత ఒకరు మాట్లాడడం మొదలుపెట్టారు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి, ఇంజినీరింగ్ పిల్లలం కదా. 'నీళ్లు' మూడు మాత్రలు, 'రాలే' నాలుగు. మూడూ నాలుగూ ఏడు. అంటే మిశ్రగతి: తకిట తకధిమి. 'మూడు దినాలు' కూడా మూడూ నాలుగూ ఏడే. 'నీళ్లు రాలే, నీళ్లు రాలే, మూడు దినాలు నీళ్లు రాలే.' ఏ ఛందస్సూ చదవకుండానే పల్లవి వచ్చేసింది. మేం బల్లమీద తట్టి చూపించాం. అంతే, తరగతంతా తట్టడం మొదలైంది.

తెలుగు సార్ చాలా మంచాయన. బోర్డు మీది ఆ మాట చూసి ప్రేమగానే 'రాలేదు' అని దిద్దారు. దిద్దగానే మాత్రలు ఎనిమిదయ్యాయి, పాట కుంటింది. పిల్లలు పాడి చూపించాక ఆయనే నవ్వి డస్టరు తీసుకున్నారు. పిల్లల మాటను దిద్దేటప్పుడు ఒక్క అక్షరంతో ఏం పోతుందో నాకు అంతకుముందు ఇంత స్పష్టంగా కనబడలేదు.

కథకు యక్షగానం బాగా పనికొచ్చింది. ప్రవేశ దరువు అనే పద్ధతి చూడండి: పాత్ర వేదిక మీదికి వస్తూ తానెవరో పాటలోనే చెప్పుకుంటుంది. పదమూడేళ్ల పిల్లలకు ఇంతకంటే సులువైన మొదటి అభ్యాసం లేదు. ఎవరి దరువు వాళ్లు నాలుగు పంక్తుల్లో రాసుకుంటే సగం నాటకం తయారు. మధ్యలో వచనం చెప్పడానికి సూత్రధారుడు ఉంటాడు. ఆ పని గొంతు మారుతున్న అబ్బాయిలకు ఇచ్చాం. వాళ్ల చేత పై స్థాయిలో పాడించడం పాపం. వరుసల కోసం సినిమా పాటలు వద్దన్నాం. ఊళ్లో చెక్కభజన ఆడేవాళ్లున్నారు, పిల్లలకు ఆ నడకలు కాళ్లలోనే ఉన్నాయి. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే ఇంటి నుంచి వచ్చే పిల్లవాడొకడు రాతిమీద ఉలి దెబ్బతో తాళం వేశాడు. మాకు తబలా అవసరం పడలేదు.

నాటకం ఎక్కడ జరగాలన్నది వాళ్లే తేల్చారు. ఎగువ అహోబిలం పైన ఉగ్రస్తంభం, ప్రహ్లాద బడి అందరూ చూసినవే. ఆ బండమీది గీతలు ప్రహ్లాదుడి అక్షరాలని చెబుతారు. భాగవతం ఏడో స్కంధంలో, గురువులు ఇంటిపనుల్లో ఉన్నప్పుడు ప్రహ్లాదుడు తోటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని తన పాఠం చెబుతాడు. సార్లు లేని గంట! అది వినగానే పిల్లలు, "మన బడే కదన్నా" అన్నారు. చండామార్కుల బడిలో కొళాయికి నీళ్లు లేవు. హిరణ్యకశిపుడు ఇన్‌స్పెక్షనుకు వస్తున్నాడు. గురువులు గోడకు సున్నం వేయిస్తున్నారు, నీళ్ల సంగతి తప్ప అన్నీ చూస్తున్నారు.

చివరి దృశ్యం దగ్గర గొడవ. ఒక అమ్మాయి, "స్తంభంలోంచి ఎందుకు? స్వామి కొళాయిలోంచి రావాల" అంది. తరగతి ఎగిరి గంతేసింది. హెడ్మాస్టరు గారి ముఖం మారింది. అహోబిలం నరసింహుడు ఈ చుట్టుపక్కల ఎవరో దూరపు దేవుడు కాదు. చెంచులకు ఇంటి అల్లుడు. కనుమ రోజు మొదలుపెట్టి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగి తన పెళ్లికి పిలిచే స్వామి. పారువేట పల్లకి ఆ ఊరికి కూడా వస్తుంది. "తల్లిదండ్రులు ఏమనుకుంటారు? పైగా ముఖ్య అతిథి ముందర నీళ్లు లేవని పాడతారా?" అన్నారాయన. ఆయన భయం అబద్ధం కాదు. ఉద్యోగం ఆయనది, మేం శనివారం వచ్చి పోయేవాళ్లం.

నిజం చెప్పాలంటే, అప్పుడు మేమే ఒక ముగింపు రాసేశాం. అందమైన భాషలో, వాన పడినట్టు. రాసింది నేనే. పిల్లలు మర్యాదగా విన్నారు. "బాగుందన్నా" అన్నారు. ఎవరూ పాడలేదు. వాళ్ల పెదాలు కదలడం చూస్తే నాకు నా సీడీ గుర్తొచ్చింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాతి శనివారానికి వాళ్లే దారి కనుక్కున్నారు. దేవుడు రాడు. కొళాయి తిప్పితే నీళ్లు రావు, శబ్దం మాత్రం వస్తుంది. గుర్ర్ మని. తెర వెనక పదిమంది గొంతులు కలిపి చేసే శబ్దం. హిరణ్యకశిపుడు కొళాయికి చెవి పెట్టి వింటాడు, అది క్రమంగా పెద్దదవుతుంది, చెమటలు పట్టి సింహాసనం వెనక దాక్కుంటాడు. అందులో ఉన్నది నీళ్లో, స్వామో, ఎవరూ చెప్పరు. పల్లవి మళ్లీ వస్తుంది, దీపాలు ఆరతాయి. హెడ్మాస్టరు గారు రెండుసార్లు చూసి, "ఇందులో నేను కాదనేది ఏముంది?" అన్నారు.

వార్షికోత్సవం రోజు ముఖ్య అతిథి నవ్వారు, చప్పట్లు కొట్టారు, కొళాయి గురించి ఏమీ అనలేదు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు మాత్రం రెండో పల్లవికే తాళం అందుకున్నారు.

జనవరి ఆఖరులో మళ్లీ వెళ్లాం. కొళాయి అట్లే ఉంది. పిల్లలు పాటకు కొత్త చరణం కట్టి నోటుబుక్కులో చూపించారు. శనివారం వచ్చి పోయే అన్నల గురించి అది. మిశ్రగతి ఎక్కడా తప్పలేదు, మర్యాద మాత్రం అక్కడక్కడా తప్పింది.