టీ చల్లారేలోగా: ఇద్దరికి నాలుగు ఆటలు

– తృతీయ సంవత్సరం బి.ఎస్‌సి. విద్యార్థి

వేడి వస్తువు ఎంత త్వరగా చల్లారుతుందో న్యూటన్ సూత్రంతో లెక్కకట్టవచ్చునని మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. టీ గ్లాసుకూ ఆ సూత్రం వర్తిస్తుంది. అయితే అది చల్లారేలోగా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మిత్రులు ఏం చెయ్యవచ్చునో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. క్యాంటీనులో వన్ బై టూ చెప్పి, మార్కుల సంగతీ మెస్సు సాంబారు సంగతీ మాట్లాడుకోవడం అయ్యాక ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. ఆ పది నిమిషాలకు పనికొచ్చే నాలుగు ఆటలు ఈ వ్యాసంలో వివరిస్తాను. గుప్పెడు వేరుశెనగ గింజలు, ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే చాలు.

ఇద్దరి ఆటలు మనకు కొత్తవేమీ కావు. వామనగుంటలు, పులిజూదం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నవే. పాత గుళ్ల అరుగుల మీద పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో పాచికలు లేవు, అదృష్టం పాత్ర లేదు. రెండు బుర్రలు, అంతే. పేకాట అలా కాదు. పేకాటలో పొలం పోగొట్టుకోవడమంటే ఏమిటో రైతు ఇళ్లలో పుట్టిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ముందే ఒక నియమం: ఈ ఆటల్లో డబ్బు పందెం వద్దు. ఓడినవాడు టీకి డబ్బులిస్తాడు, అక్కడితో సరి.

1. గింజల ఆట

బల్ల మీద 15 వేరుశెనగ గింజలు పొయ్యండి. వంతులవారీగా ఒక్కొక్కరు ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ తియ్యాలి. చివరి గింజ తీసినవాడిదే గెలుపు.

మొదట్లో అందరూ తోచినట్టు తీస్తారు. ఆలోచించాల్సింది ముందునుంచి కాదు, చివరినుంచి. నా వంతు అయ్యేసరికి బల్లమీద 4 గింజలు మిగిలాయనుకోండి. ఎదుటివాడు ఒకటి తీస్తే నేను మూడు, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి తీసి గెలుస్తాను. అంటే 4 మిగల్చడమే గెలుపు. ఇదే తర్కంతో 8, 12 మిగల్చడమూ గెలుపే. 15 గింజలతో మొదలుపెట్టినవాడు 3 తీసి 12 వదిలితే, ఆ తర్వాత ఎదుటివాడు ఏం చేసినా లాభం లేదు.

ఇది బాగా అలవాటయ్యాక గింజల్ని 3, 4, 5 చొప్పున మూడు కుప్పలు చెయ్యండి. ఇప్పుడు ఒక వంతులో ఏదో ఒక కుప్పలోంచి ఎన్నయినా తియ్యవచ్చు. ఈ ఆట పేరు నిమ్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన చార్లెస్ బౌటన్ దీని కిటుకును 1901–02లో ఒక వ్యాసంలో పూర్తిగా నిరూపించాడు. ప్రతి కుప్పనూ 1, 2, 4, 8 ముక్కలుగా విడగొట్టాలి. 3 అంటే 2+1, 4 అంటే 4, 5 అంటే 4+1. ఇప్పుడు జతలు చూడండి. నాలుగులు రెండున్నాయి, ఒకట్లు రెండున్నాయి, రెండు మాత్రం ఒంటరి. ఆ ఒంటరిని తీసెయ్యాలి. అంటే మూడింటి కుప్పలోంచి 2 తియ్యాలి. అన్నీ జతపడ్డాక ఎదుటివాడు ఏం తీసినా ఏదో ఒక జత తెగుతుంది. దాన్ని మళ్లీ కలపడమే మన పని. కంప్యూటరు లెక్కలకు ఆధారమైన ద్విసంఖ్యామానం ఇదే కదా! గుప్పెడు వేరుశెనగ గింజలతో వచ్చేస్తుంది.

2. ప్రశ్నల ఆట

ఒకడు మనసులో ఒక వస్తువు అనుకోవాలి. రెండోవాడు 20 ప్రశ్నల్లో అదేమిటో పట్టుకోవాలి. జవాబు 'అవును', 'కాదు' అని మాత్రమే చెప్పాలి.

కొత్తగా ఆడేవాళ్లు వెంటనే, "నాగలేనా? కొడవలేనా?" అని మొదలుపెడతారు. తప్పయితే ఆ ప్రశ్నతో పోయేది ఒక్క వస్తువే. "ప్రాణమున్నదా? చేత్తో ఎత్తగలమా?" అని అడిగినవాడు ఒక్క దెబ్బకు సగం ప్రపంచాన్ని పక్కకు నెట్టేస్తాడు. ప్రతి ప్రశ్నా మిగిలినవాటిని సరిగ్గా సగం చేస్తే 20 ప్రశ్నలతో 10,48,576 వస్తువుల్లోంచి ఒకదాన్ని ఏరవచ్చు. లక్ష మాటలున్న నిఘంటువులో మీరు అనుకున్న మాటను పట్టుకోవడానికి 17 ప్రశ్నలు చాలు. "ఈ పేజీకి ముందా?" అని సగం సగం కోసుకుంటూ పోవడమే.

ఇక్కడొక సంగతి గమనించండి. సగానికి కోసే ప్రశ్నకు 'అవును' అన్నా 'కాదు' అన్నా లాభం సమానమే. 'కాదు' అన్నది ఓటమి కాదు, అది కూడా సమాచారమే. ఈ మాట ప్రత్యేకించి నాలాగా పల్లెటూళ్లలో తెలుగు మీడియం చదివి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెబుతున్నాను. తరగతిలో సందేహం గొంతుదాకా వస్తుంది. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న భయంతో అక్కడే ఆగిపోతుంది. పరీక్షనాటికి ఆ ఒక్క సందేహం పది సందేహాలవుతుంది. టీ బల్ల దగ్గర రోజుకు ఇరవై ప్రశ్నలడిగి పదిసార్లు 'కాదు' అనిపించుకున్నవాడికి, లెక్చరరుగారి ముందు చెయ్యెత్తడం అంత కష్టం కాదు.

3. మాటల మెట్లు

ఇంగ్లండులో చార్లెస్ డాడ్జ్‌సన్ అనే గణిత లెక్చరరు ఉండేవాడు. లూయిస్ కారల్ అనే కలం పేరుతో పిల్లల కథలు రాసి పేరు పొందింది ఆయనే. 1877లో ఆయన ఒక మాటల ఆట కనిపెట్టాడు. ఒక్కొక్క అక్షరమే మారుస్తూ ఒక మాటనుంచి ఇంకో మాటకు చేరాలి. మధ్యలో వచ్చేవన్నీ అర్థమున్న మాటలే కావాలి.

తెలుగులో ఆడాలంటే గుణింతాన్నీ సున్నానూ కలిపి ఒకే అక్షరంగా లెక్కపెట్టుకోవాలి. 'పాలు' నుంచి 'చారు' చేరాలా? పాలు, చాలు, చారు. రెండడుగులు. 'వాన' నుంచి 'సాగు'కు కూడా అంతే: వాన, వాగు, సాగు. 'నేల' నుంచి 'పంట'కు చేరడం కొంచెం కష్టం: నేల, వేల, వేట, పంట. మూడడుగులు. ఇంతకంటె దగ్గర దారి ఉందా? రెండడుగుల్లో చేరాలంటే మధ్యలో 'నేట' గానీ 'పంల' గానీ రావాలి. రెండూ మాటలు కావు. కాబట్టి మూడే కనిష్ఠం. చూశారా, ఇది కూడా ఒక నిరూపణే!

'నీరు' నుంచి 'కూడు'కు నేను చెప్పే దారి ఇది: నీరు, నారు, నాడు, కూడు. ఎదుటివాడు ఊరుకోడు. "కూరు అనే మాట లేదా? సంచిలో బట్టలు కూరడం అనమా?" అంటాడు. నిజమే, ఆ దారిలో రెండడుగులే. మీ జిల్లాలో ఉన్న మాట మా జిల్లాలో ఉండకపోవచ్చు. ఇంటి దగ్గర అమ్మా నాన్నా వాడే మాటల్ని మొరటువని మనం హాస్టలుకొచ్చి దాచుకుంటాం. ఈ ఆటలో గెలిపించేవి ఆ మాటలే.

4. ఎద్దులూ ఆవులూ

ఒక్కొక్కరు ఎదుటివారికి కనపడకుండా, అంకెలు మళ్లీ రాకుండా ఒక నాలుగంకెల సంఖ్య రాసుకోవాలి. ముందు సున్నా ఉన్నా ఫరవాలేదు. ఆ తర్వాత వంతులవారీగా ఊహించాలి. సరైన అంకె సరైన చోట ఉంటే ఎద్దు, అంకె ఉండి చోటు మారితే ఆవు. నా సంఖ్య 4719 అనుకోండి. మీరు 1723 అన్నారు. 7 దాని చోట ఉంది, ఒక ఎద్దు. 1 వేరే చోట ఉంది, ఒక ఆవు.

మొత్తం 5,040 సంఖ్యలకు అవకాశముంది. అయినా పద్ధతిగా వెళితే ఏ సంఖ్యనైనా 7 ఊహల్లో పట్టవచ్చునని కంప్యూటర్లతో తేల్చారు. "ఎద్దూ లేదు, ఆవూ లేదు" అన్నారని దిగులుపడకండి. ఒక్కసారిగా నాలుగంకెలు ఎగిరిపోయి, 5,040లో 360 మాత్రమే మిగులుతాయి. ఇందాకటి 'కాదు' బలం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఈ తరహా ఆటే రంగు మేకులతో 1970లలో మాస్టర్‌మైండ్ పేరున అమ్ముడయింది. 6 రంగులు, 4 స్థానాల ఆ ఆటను ఎప్పుడూ 5 ఎత్తుల్లో ముగించవచ్చునని 1977లో డొనాల్డ్ కనూత్ చూపించాడు.

చివరగా ఒక మర్యాద

గింజల ఆట కిటుకు తెలిసినవాడు తెలియనివాణ్ణి వరసగా వందసార్లు ఓడించగలడు. అందులో గొప్పేముంది? కాటా దగ్గర నిలబడి, తరుగు లెక్క అర్థంగాక, చేతిలో పెట్టినంత తీసుకుని ఇంటికొచ్చే రైతుల్ని నేను చూశాను. లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య జరిగేది బేరం కాదు. అదేవిధంగా అది ఆట కూడా కాదు. అందుచేత మూడుసార్లు గెలిచాక కిటుకు చెప్పెయ్యండి. ఇద్దరికీ తెలిసిన తర్వాతే అసలు ఆట మొదలవుతుంది.

చెప్పేస్తే ఆట చచ్చిపోదా అంటారేమో. చావదు, నియమం ఒకటి మార్చండి. అవే 15 గింజలు, తియ్యడం ఒకటి నుంచి మూడు దాకానే. కాని ఈసారి చివరి గింజ తీసినవాడు ఓడినట్టు. మొదటి వంతు మీదయితే ఎన్ని తీస్తారు? జవాబు నేనిక్కడ రాయను. ఎదురుగా ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టుకుని, చివరినుంచి ఆలోచించి చూడండి.