సాంకేతిక ప్రతిభకు సత్కారం

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రతిభను సత్కరించడం మంచి సంప్రదాయం. ఆ సత్కారం దేనికి చెందాలి, ఎవరెవరికి చెందాలి అనే విచక్షణను విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

సెప్టెంబరు 15వ తేదీ మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవం. సాంకేతిక కళాశాలలకు అది పండుగరోజు. విశ్వవిద్యాలయ పరీక్షలలో ర్యాంకులు సాధించిన విద్యార్థులకు, ఉద్యోగాలకు ఎంపికైనవారికి, కొత్త నమూనాలను రూపొందించినవారికి బహుమతులు అందజేస్తారు. పరిశోధన పూర్తిచేసి డాక్టరేటు పొందిన అధ్యాపకులను శాలువాలతో సన్మానిస్తారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఇలాంటి సభలకు ఒక ప్రత్యేకత ఉంది. ఇది వరి పండే నేల, రైస్ మిల్లుల నేల. కొడుకో కూతురో ఇంజనీరింగు చదవడం అదే మొదటిసారి అయిన రైతు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వేదికపై తమ బిడ్డ పేరు వినబడితే ఆ తల్లిదండ్రులకు అంతకు మించిన సంపద లేదు. అందుకే ఆ పేరును ఏ ప్రమాణంతో ఎంచుతున్నాం అనే ప్రశ్నకు ఎంతో విలువ ఉంది. ఆ దినోత్సవానికి కారకుడైన మహనీయుని జీవితమే దీనికి మొదటి సమాధానం.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో చదువుకున్నారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనా సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. ఆయన కృషి అక్కడితో ఆగి ఉంటే ఆ ర్యాంకు కళాశాల దస్త్రంలో ఒక పంక్తిగా మిగిలిపోయేది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం కోరగా విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చి, వరదను పైభాగంలోనే నిలువరించే జలాశయాలను సూచించారు. ఆ సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీరే దాహం తీర్చే నీరయింది. దేశం నేటికీ ఆయనను స్మరించుకొంటున్నది ఇటువంటి సేవలకే.

ఆ మూసీనది హైదరాబాదుతో ఆగదు. సూర్యాపేట ప్రాంతం మీదుగా సాగి, మిర్యాలగూడకు సమీపంలోని వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సూర్యాపేట పరిసరాల పొలాలకు నీరందిస్తున్నది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయింది. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు జీవనాడి. సభలో కూర్చున్న రైతు పంటలోనూ, ఆ పంటతో సాగిన బిడ్డ చదువులోనూ ఎందరో ఇంజనీర్ల, కార్మికుల శ్రమ దాగి ఉంది. తమ పేర్లు ఏ వేదికపైనా వినబడనివారు వారిలో ఎక్కువమంది.

విజయం వెనుక నిలిచిన గురువులను కూడా మరువరాదు. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదవ ఏట భర్తను కోల్పోయారు. అప్పటికి ఆమె ఒడిలో నాలుగు నెలల పసిపాప. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో అంతవరకు స్త్రీలు చదవలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ఆ కళాశాలలోనే విద్యుత్ శాఖ ఆచార్యులు. ఆయన కుమార్తె తరఫున అడిగారు. ప్రిన్సిపాల్ చాకో అంగీకరించారు. లలిత 1940లో చేరి, 1943లో పట్టా పొందారు. పట్టాపై పురుషులను సూచించే పదమే ముద్రించి ఉండగా, దానిని కొట్టివేసి స్త్రీవాచకం రాయవలసి వచ్చింది. అనంతరం ఆమె భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ యంత్రాల రూపకల్పనలో పాలుపంచుకొన్నారు. చదివిన ఘనత లలితది. మూసిన తలుపు తెరచిన ఘనత ఆమె గురువులది.

ప్రతిభ కళాశాల గోడల మధ్యనే పుడుతుందని కూడా అనుకోరాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఆలేరు సమీపంలో శారాజీపేట అనే గ్రామం ఉంది. అక్కడి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం చదువు ఆరవ తరగతితోనే ఆగిపోయింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూసి, యంత్రం చేయాలని సంకల్పించారు. ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆయనకు సమస్యను చూపినది పుస్తకం కాదు, అమ్మ నొప్పి.

కాబట్టి అభినందన సభ మార్కులను మాత్రమే లెక్కించే సభ కారాదు. ర్యాంకు పొందిన విద్యార్థికి పతకం ఇవ్వవలసినదే. రైతు మోటారును, నేత మగ్గాన్ని, మిల్లు కార్మికుని మూటను చూసి ఆలోచించిన విద్యార్థినీ వేదికపైకి పిలవాలి. వెనుకబడిన విద్యార్థిని చేయిపట్టి నడిపించిన అధ్యాపకునికీ, ప్రయోగశాలలో యంత్రాలను ఏళ్లతరబడి కాపాడిన సహాయకునికీ శాలువా కప్పాలి. ఎదుటివారి కష్టాన్ని తగ్గించిన విద్యయే సార్థకమైన విద్య. దానికి జరిగే సత్కారమే నిజమైన సత్కారం.

అభ్యాసం

1. విశ్వేశ్వరయ్య సేవలను మూసీనది ఆధారంగా వివరించండి.
2. "చదివిన ఘనత లలితది, మూసిన తలుపు తెరచిన ఘనత ఆమె గురువులది." - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. మల్లేశం కృషికి ప్రేరణ ఏది? ఆయన రూపొందించిన యంత్రం ఏది?
4. మీ కళాశాలలో అభినందన సభ జరిగితే ఎవరిని సత్కరించాలని మీరు సూచిస్తారు? కారణాలు రాయండి.