సంతకం దేనికి, శస్త్రచికిత్స దేనికి?

వైద్యం వికటించినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. తగిన నైపుణ్యం ఉన్న వైద్యుడు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదనీ, దానివల్లే హాని జరిగిందనీ తేలాలి. హైదరాబాద్ నిమ్స్ కేసులో ఈ రెండూ తేలాయి.

1990లో అక్కడ 20 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో, వెన్నెముకను ఆనుకుని ఉన్న గడ్డకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత అతని కాళ్లు చచ్చుబడిపోయాయి.

ఆ చోట వచ్చే గడ్డలు తరచూ నాడుల నుంచే పుడతాయి. వెన్నుపూసల మధ్య నాడి బయటికి వచ్చే సందులోంచి కొన్ని వెన్నుపాము దాకా పాకుతాయి. అంటే ఛాతీ తెరిచిన సర్జన్‌కు కనిపించేది గడ్డలో ఒక భాగమే కావచ్చు. పైగా ఛాతీ భాగంలో వెన్నుపాముకు రక్తం తెచ్చే ధమనులు తక్కువ. ముఖ్యమైనది ఒక్కటి దెబ్బతిన్నా నాడీకణాలు చనిపోవచ్చు, అవి మళ్లీ పుట్టవు. ఇలాంటి ఆపరేషన్‌లో న్యూరోసర్జన్ పక్కన ఉండాలనడం అందుకే. ఇక్కడ లేరు. ఇంకో లోపం, సంతకం తీసుకున్నది పరీక్ష కోసం చేసే బయాప్సీకి, చేసింది గడ్డ తొలగింపు. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15.5 లక్షల రూపాయలు ఇవ్వమంది. తన కేసు తానే వాదించుకున్న ఆ యువకుడికి 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది.

అన్ని కేసులూ ఇంత క్లిష్టం కావు. 2002లో హైదరాబాద్‌లోనే చలిజ్వరంతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరిన మహిళకు టైఫాయిడ్ మందులు ఇచ్చారు. ఉన్నది మలేరియా. వేరే ఆస్పత్రికి మార్చేసరికే పరిస్థితి విషమించింది, ఆమె బతకలేదు. తప్పు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగుల వైపు నుంచి చూస్తే ఇది చిన్న ఊరట కాదు. ఒక డాక్టరుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే మరో డాక్టరు దొరకడం ఎంత కష్టమో కోర్టుకెక్కిన వాళ్లకే తెలుసు.

పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప, 2008లోనే సుప్రీంకోర్టు తేల్చింది. యానాం నుంచి పుదుచ్చేరి జిప్మర్‌కు వెళ్లే తెలుగు రోగి విషయంలో ఇది మరీ ముఖ్యం. చుట్టూ వినిపించేది తమిళం. సమ్మతి పత్రంలో ఏముందో తెలుగులో చెప్పించుకోవాలి, చేసేది పరీక్షా చికిత్సా అని అడగాలి. వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచీ ఉంది.