కీటకనాశక శిలీంధ్రాలు: ప్రయోగశాల నుంచి పొలానికి చేరేలోపు జరిగే నష్టం – ఒక సస్యశాస్త్ర పరిశీలన

సారాంశం

కీటకాలకు సహజంగా వ్యాధి కలిగించే బవేరియా, మెటారైజియం, లెకానిసిలియం వంటి శిలీంధ్రాలు సస్యరక్షణలో చాలాకాలంగా సిఫారసులో ఉన్నాయి. ప్రయోగశాలలో ఇవి చూపే సామర్థ్యం రైతు పొలంలో తరచుగా కనిపించడం లేదు. ఇందుకు కారణం శిలీంధ్రపు బలహీనత కాదనీ, నిల్వ, పిచికారి సమయం, పైరులోని సూక్ష్మ వాతావరణం అనే మూడు అంశాలపై తగిన శ్రద్ధ లేకపోవడమేననీ ఈ వ్యాసం వివరిస్తుంది. ఆముదం, మొక్కజొన్న పైర్లతోపాటు నగరపు మిద్దె తోటల అనుభవాన్ని కూడా ఇందులో చర్చించడమైనది.

ముఖ్య పదాలు: కీటకనాశక శిలీంధ్రాలు, సిద్ధబీజాలు, మొలక శాతం, ఆముదం, లద్దె పురుగు, సూక్ష్మ వాతావరణం.

ఉపోద్ఘాతం

ఈ వ్యాసకర్త నివాసం హైదరాబాదు తూర్పు అంచున, ఉప్పల్, నాచారం నడుమ ఉన్న చిల్కానగర్. ఇక్కడి ఇళ్ళ మిద్దెలపై కూరగాయలు, మందార పెంచే కుటుంబాలు అనేకం. రెండేళ్ళ క్రితం మే నెలలో పొరుగింటి గృహిణి ఒకరు ఒక పొట్లం తెచ్చి చూపి, "సార్, మీరు చెప్పిన మందే కదా తెచ్చి కొట్టాను, ఒక్క పిండినల్లీ చావలేదేం?" అని అడిగారు. పొట్లంపై గడువు తేదీ ఇంకా దాటలేదు. అయితే ఆ పొట్లం దుకాణంలో పడమటి ఎండ తగిలే అరలో వేసవి అంతా ఉన్నదనీ, పిచికారి ఉదయం పదకొండు గంటలకు చేశారనీ విచారణలో తెలిసింది. ప్రయోగశాలలో పరీక్షించగా ఆ పొడిలో మొలకెత్తిన సిద్ధబీజాలు అతి స్వల్పం. అంటే ఆమె మొక్కలపై చల్లినది దాదాపు సుద్దపొడి మాత్రమే.

మిద్దె తోటలో నష్టం నాలుగు కుండీల మందార. ఇదే పొరపాటు ఎకరాల్లో జరిగితే రైతు ఒక పంటను, దానితోపాటు జీవ నియంత్రణపై నమ్మకాన్ని కూడా పోగొట్టుకుంటాడు. ఒకసారి పోయిన నమ్మకం తిరిగి రావడం కష్టం. మరుసటి ఏడు ఆ రైతు నేరుగా రసాయన మందుకే వెళతాడు.

చారిత్రక నేపథ్యం

1835లో ఇటలీకి చెందిన అగస్టీనో బస్సీ పట్టుపురుగులలో వచ్చే సున్నపుకట్టు వ్యాధికి ఒక శిలీంధ్రమే కారణమని నిరూపించాడు. ఒక సూక్ష్మజీవి జంతువులో వ్యాధి కలిగించగలదని ప్రయోగపూర్వకంగా చూపిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఆ శిలీంధ్రానికే తరువాత ఆయన పేరుమీద బవేరియా బాసియానా అని నామకరణం జరిగింది. 1879లో మెచ్నికాఫ్ గోధుమను ఆశించే పెంకు పురుగుపై మెటారైజియంను గుర్తించి, దానిని పురుగుల నివారణకు వాడవచ్చునని సూచించాడు. ఒకరు పట్టుపురుగును కాపాడబోయి కనుగొన్న జీవిని, మరొక తరం పంటను కాపాడేందుకు ఆయుధంగా మలచుకున్నదన్నమాట.

మన ప్రాంతంలో ఈ పరిశోధనకు ప్రధాన కేంద్రాలలో ఒకటి రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంచాలకాలయం, అనగా నేటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. అక్కడ డా. పి. ఎస్. విమలాదేవి ఆముదంపై పొగాకు లద్దె పురుగును అదుపు చేసేందుకు నొమురియా రిలై అనే శిలీంధ్రంపై కృషి చేసి, 1994లో ఫలితాలు ప్రచురించారు. నలగగొట్టిన జొన్నలపై ఈస్టు సారం కలిపి ఈ శిలీంధ్రాన్ని పెంచే పద్ధతి ఆ కృషి నుంచే వచ్చింది. ఖరీదైన పోషక మాధ్యమం స్థానంలో మన మెట్ట పొలాల్లో పండే గింజ చేరడం ఇందులోని విశేషం. 2014లో జరిగిన వర్గీకరణ సవరణ తరువాత ఈ శిలీంధ్రాన్ని మెటారైజియం రిలై అని వ్యవహరిస్తున్నారు.

శిలీంధ్రం పనిచేసే తీరు

బాక్టీరియా, వైరస్ ఆధారిత మందులు పురుగు కడుపులోకి వెళితేనే పనిచేస్తాయి. శిలీంధ్రానికి ఆ అవసరం లేదు. సిద్ధబీజం పురుగు శరీరంపై పడి అంటుకుంటే చాలు. తగిన తేమ దొరికితే అది మొలకెత్తి, కైటిన్‌నూ మాంసకృత్తులనూ కరిగించే ఎంజైములను స్రవిస్తూ, పురుగు పైపొర అయిన అవభాసినిని ఛేదించుకొని లోపలికి ప్రవేశిస్తుంది. శరీర ద్రవంలో వృద్ధి చెంది పోషకాలను హరిస్తుంది. బవేరియా జాతి బవేరిసిన్‌ను, మెటారైజియం జాతి డెస్ట్రక్సిన్లను విషపదార్థాలుగా ఉత్పత్తి చేస్తాయి. పురుగు తిండి మాని, మందగించి, సాధారణంగా 3 నుంచి 10 రోజులలో చనిపోతుంది. గాలిలో తేమ అధికంగా ఉంటే తంతువులు శవం వెలుపలికి వచ్చి కొత్త సిద్ధబీజాలను ఏర్పరుస్తాయి. బవేరియా సోకిన పురుగు తెల్లగా, మెటారైజియం సోకినది ఆకుపచ్చగా బిరుసెక్కి కనిపిస్తుంది.

రసం పీల్చే పురుగులు మొక్క లోపలి రసాన్నే పీలుస్తాయి కనుక ఆకుపై చల్లిన కడుపు విషాలకు లొంగవు. తాకినంతనే సోకే శిలీంధ్రం వాటిపైనా పనిచేయడానికి కారణం ఇదే. తెల్లదోమ, పేనుబంక, పిండినల్లిపై లెకానిసిలియం లెకానిని సిఫారసు చేయడం ఇందువల్లనే.

లెక్కలోని తేడా

సాధారణంగా విపణిలో లభించే పొడి మందులో గ్రాముకు 1×10⁸, అనగా 10 కోట్ల జీవమున్న సిద్ధబీజాలు ఉండాలి. లీటరు నీటికి 5 గ్రాములు కలిపితే లీటరుకు 50 కోట్లు, మిల్లీలీటరుకు 5 లక్షలు అవుతాయి. ప్రయోగశాల పరీక్షలలో మనం వాడే ద్రావణంలో మిల్లీలీటరుకు కోటి నుంచి 10 కోట్ల వరకు ఉంటాయి. అంటే పొట్లం సంపూర్ణ నాణ్యతతో ఉన్నప్పటికీ పొలంలో పడే మోతాదు ప్రయోగశాల మోతాదులో ఇరవయ్యో వంతు నుంచి రెండు వందలో వంతు మాత్రమే.

ఇప్పుడు నిల్వలోపం వలన బీజాలలో 20 శాతమే జీవించి ఉన్నాయనుకుందాం. అప్పుడు మిల్లీలీటరుకు మిగిలేది ఒక లక్ష. పిచికారి మిట్టమధ్యాహ్నం జరిగితే అతినీలలోహిత కిరణాలకు మిగిలిన వాటిలోనూ అధికభాగం కొద్ది గంటల్లో నశిస్తుంది. అసలే స్వల్పమైన మోతాదులో ప్రతి దశలోనూ కోత పడుతున్నందున, "శిలీంధ్రం పనిచేయలేదు" అనే తీర్పు న్యాయమైనది కాదు. పనిచేయవలసిన జీవి అక్కడ లేనే లేదు.

మొలక శాతం పరీక్ష

ఈ పరీక్షను ప్రతి జిల్లా ప్రయోగశాలలోనూ, వ్యవసాయ కళాశాలలోనూ ఒక్క రోజులో చేయవచ్చు. కొద్ది పొడిని జిగురు ద్రావణం కలిపిన శుద్ధజలంలో పలుచన చేసి, అగార్ పలకపై పరచి, 25–28 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నుంచి 24 గంటలు ఉంచాలి. తరువాత సూక్ష్మదర్శిని కింద వేర్వేరు చోట్ల కలిపి కనీసం 100 బీజాలను లెక్కించాలి. మొలక తంతువు పొడవు బీజం వెడల్పుకు సమానంగాగాని, అంతకుమించిగాని ఉంటే దానిని మొలకెత్తినదిగా పరిగణించాలి. విత్తన సంచికి మొలక శాతం అడిగే మనం, శిలీంధ్రపు పొట్లానికీ అదే ప్రశ్న వేయడం అలవాటు చేసుకోవాలి.

పైరులోని సూక్ష్మ వాతావరణం

ఈ శిలీంధ్రాలలో అధికభాగం 25–30 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతాయి. 35 డిగ్రీలు దాటితే పెరుగుదల దాదాపు స్తంభిస్తుంది. మొలకకూ, శవంపై తిరిగి బీజాలు ఏర్పడడానికీ అధిక తేమ అవసరం. మెట్ట ప్రాంతమైన తెలంగాణలో ఈ షరతులు కుదరవని కొందరి అభిప్రాయం. వాతావరణ కేంద్రంలో నమోదయ్యే తేమకూ, పైరు లోపలి తేమకూ ఉన్న తేడాను ఈ అభిప్రాయం విస్మరిస్తున్నది.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల ఎర్ర నేలలలో వర్షాధారంగా సాగయ్యే ఆముదాన్నే తీసుకుందాం. తొలకరిలో విత్తిన పైరు ఆగస్టు, సెప్టెంబరు నాటికి కమ్ముకుంటుంది. దాసరి పురుగు ఉధృతి కూడా అప్పుడే. వెడల్పాటి ఆకుల అడుగున నీడ, రాత్రి మంచు, వాన జల్లుల తడి కలిసి శిలీంధ్రానికి అనుకూలమైన సమయాన్ని కల్పిస్తాయి. వానలు ఎడతెగక కురిసిన ఏడు లద్దె పురుగులు మెటారైజియం రిలై సోకి, ఆకులను పట్టుకొని లేత ఆకుపచ్చ బూజుతో బిరుసెక్కి ఉండడం క్షేత్రంలో సహజంగానే చూడవచ్చు. అటువంటి శవాలు కనిపించినప్పుడు తొందరపడి రసాయన మందు చల్లరాదు. దాసరి పురుగును ఆశించే మైక్రోప్లైటిస్ అనే పరాన్నజీవి కందిరీగ సైతం ఆ మందుకు బలి అవుతుంది.

మొక్కజొన్నలో పరిస్థితి మరింత అనుకూలం. 2018లో కర్ణాటకలో తొలిసారి కనబడి, అదే ఏడు తెలంగాణకు విస్తరించిన కత్తెర పురుగు మొక్క సుడిలో దాగి తింటుంది. ఆ సుడిలో నీడా, తేమా రెండూ ఉంటాయి. విత్తిన 15–25 రోజులకు లీటరు నీటికి 5 గ్రాముల మెటారైజియం అనైసోప్లియే కలిపి సుడిలో పడేలా పిచికారి చేసి, 10 రోజుల వ్యవధితో మరొకటి రెండుసార్లు చేయాలన్న సిఫారసు వెనుక ఉన్న తర్కం ఇదే. ఆకులపై పైపైన చల్లితే ఆ ప్రయోజనం దక్కదు.

నేల వీటన్నిటికంటే సురక్షితమైన ఆశ్రయం. అక్కడ ఎండ తగలదు. వేరుపురుగు సమస్య ఉన్న పొలంలో మెటారైజియంను బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి వేయడం, కొబ్బరి తోటలలో కొమ్ము పురుగు గుడ్లుపెట్టే ఎరువు గుంతలలో దీనిని చల్లడం ఆ కారణంగానే ఆచరణలో ఉన్నాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పొట్లంపై తయారీ తేదీ, గడువు తేదీ, బీజాల సంఖ్య చూసి కొనాలి. ఎండ తగిలే చోట నిల్వ ఉంచిన సరుకు తీసుకోరాదు.

2. ఇంటికి తెచ్చిన పొట్లాన్ని చల్లని, నీడగల, పొడి ప్రదేశంలో ఉంచాలి. రేకుల కప్పు కింద ఉంచరాదు.

3. సాయంత్రం వేళ, నేలలో తేమ ఉన్నప్పుడు, ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారి చేయాలి.

4. పురుగులు చిన్న దశలో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఎదిగిన పురుగు చనిపోయేలోపు పంటకు నష్టం జరిగిపోతుంది.

5. మాంకోజెబ్, కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశకాలతో కలపరాదు. ఇవి వాడవలసి వస్తే కనీసం వారం రోజుల ఎడం పాటించాలి. తెగుళ్ళ మందుకు వాడిన డబ్బాను శుభ్రంగా కడిగిన తరువాతే ఉపయోగించాలి.

6. మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపక గదుల సమీపంలో బవేరియా వాడరాదు. బస్సీ గుర్తించిన సున్నపుకట్టు వ్యాధి నేటికీ పట్టు రైతుకు శత్రువే.

7. పొడిని కలిపేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. బీజాలు కొందరిలో అలర్జీ కలిగించవచ్చు.

ముగింపు

కీటకనాశక శిలీంధ్రం మందు రూపంలో అమ్ముడవుతున్నప్పటికీ అది ప్రాణి. దానికి ఆకలి, దాహం, ఎండ దెబ్బ అన్నీ ఉన్నాయి. విత్తనాన్ని ఎలా కాపాడుకుంటామో దానినీ అలాగే కాపాడుకోవాలి. సమర్థమైన కొత్త జాతుల అన్వేషణ ఎంత అవసరమో, ఉన్న జాతి రైతు చేతికి ప్రాణంతో చేరేలా చూడడం అంతే అవసరం. జిల్లా స్థాయిలో మొలక శాతం పరీక్షలు క్రమం తప్పక జరగడం, వేసవిలో సరుకు రవాణా, నిల్వలపై పర్యవేక్షణ ఉండడం, పైరు దశనుబట్టి పిచికారి సమయాన్ని విస్తరణ సిబ్బంది రైతుకు సూచించడం తక్షణ కర్తవ్యాలు.

చిల్కానగర్ గృహిణి అదే ఏడు ఆగస్టులో కొత్త పొట్లం తెచ్చి, జల్లు పడిన సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా చల్లారు. వారం తరువాత పిండినల్లులపై బూజు కనిపించిందని పిలిచి చూపించారు. మార్చినది పొట్లం, వేళ, ఋతువు మాత్రమే. శిలీంధ్రం అదే.